మా మిల్లులో ఒకావిడకు సెగలు

హుజౌ,
1985 మార్చి 9

చెల్లి పెయ్‌లింగ్‌కు,

ఇక్కడ మేమిద్దరం కులాసా. నువ్వు పంపిన మిరియాల పొట్లం అందింది. మీ గాన్సు మిరియాలు మామూలువి కావని చెప్పినా వినకుండా మీ బావ గుప్పెడు కూరలో పోసుకున్నాడు. నాలుక తిమ్మిరెక్కి రెండు గంటలు మాట పడిపోయింది. ఇంకో పొట్లం పంపు.

ఈ ఉత్తరం నా పని మీద రాస్తున్నది కాదు. మా మిల్లులో ఒకావిడ ఉంది. పేరెందుకులే. నలభై తొమ్మిదేళ్లు. మర్యాదస్తురాలు, బాధ్యత గల ఉద్యోగం, నలుగురూ గౌరవించే మనిషి. ఆవిడకు కొత్త సంవత్సరం నుంచీ ఒంట్లో సెగలు. ఊరికే కూర్చుని ఉండగా ఛాతీ దగ్గర మొదలై, మెడ మీదుగా చెవుల దాకా పాకి, నడినెత్తిన పొయ్యి రాజేసినట్టు అవుతుందట. ఐదు నిమిషాలకు చెమట. ఆ తర్వాత చలి. పట్టుకాయలు ఉడికే తొట్ల షెడ్డులో పనైతే ఎవరూ పట్టించుకోరు, అక్కడ అందరికీ చెమటలే. ఆవిడది ఆఫీసులో కుర్చీ ఉద్యోగమాయె. అందరూ దూది కోట్లలో ముడుచుకుని కూర్చుంటే ఆవిడొక్కతే గుండీ విప్పి ఫైలుతో విసురుకుంటోంది. మొన్న అన్నం అడుగంటిందని గంటసేపు ఏడ్చిందట. నిద్ర లేదు. నెలసరి మూడు నెలలుగా లేదు.

నా ఉద్యోగం నీకు తెలిసిందే. మిల్లులో మూడు వందల పన్నెండు మంది ఆడవాళ్ల నెలసరి తేదీలు నా నల్ల పుస్తకంలో ఉంటాయి. ఏ ఏడు ఎవరు బిడ్డను కనాలో ఆ వరుస పట్టిక కూడా నా చేతిలోదే. పదకొండేళ్లలో ఒక్క తేదీ తప్పు రాయలేదు. ఇంతమంది లోగుట్టు తెలిసినదాన్ని కదా అని ఆవిడ నన్ను అడిగింది. నువ్వు ఆస్పత్రిలో ఒంటికి సన్న సూదులు గుచ్చి నిలిపే వైద్యురాలివి కదా అని నేను నిన్ను అడుగుతున్నాను. ఈ సెగలకు సూదులు పనికొస్తాయా? త్వరగా రాయి. ఆవిడ కంగారు పడుతోంది.

మీ బావకు జనవరి నుంచి జలుబు తగ్గడం లేదు. పడకగది కిటికీ తెరిచి ఉంచితే పడదట. మగవాళ్లు మరీ సున్నితం అయిపోయారు.

నీ అక్క
పెయ్‌హువా


టియెన్‌షుయి,
మార్చి 17

అక్కా,

ఉత్తరం చేరింది. మీ మిల్లులో ఆ మర్యాదస్తురాలి సంగతి చదివి చాలా జాలి కలిగింది. ఎవరో ఏమిటో నాకు తెలియదు గనక ఉన్నమాట రాస్తాను. ఆవిడకు చదివి వినిపించు.

అది రోగం కాదు. ముట్లుడిగే వయసు. మన అమ్మకూ వచ్చింది, ఆ రోజుల్లో ఆవిడ నడివాకిట్లో నిలబడి బాతుల్ని తిట్టేది, గుర్తుందా? సూదులు పనికొస్తాయి. వారానికి రెండుసార్లు, ఎనిమిది వారాలు. చీలమండకు నాలుగు వేళ్లు పైన లోపలివైపు ఒకటి, మణికట్టు మడత దగ్గర ఒకటి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో ఒకటి, నడినెత్తిన ఒకటి. అందరికీ తగ్గుతుందని మాత్రం చెప్పను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో పదిమందికి ఆరేడుగురు సెగలు సగానికి తగ్గాయంటారు. అందులో నా సూది గొప్ప ఎంతో, అరగంట సేపు ఎవరూ పిలవకుండా పడుకోనివ్వడం గొప్ప ఎంతో నాకూ తెలియదు.

ఇక ఆవిడ స్వభావం గురించి. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే ఆవిడ ఒట్టి పెత్తందారు మనిషిలా ఉంది. చిన్నప్పటి నుంచి ఇంట్లో తన మాటే చెల్లించుకుని ఉంటుంది. చెల్లెలు గనక ఉంటే ఆ పిల్లకు జడ వేసే వంకతో జుట్టు ఊడబెరికి ఉంటుంది. ఇలాంటి వాళ్లు సెగ కూడా తమ అనుమతి తీసుకుని రావాలనుకుంటారు. కాస్త అహం తగ్గించుకుని మీ మిల్లు వైద్యశాలకే వెళ్లమను. వైద్యుడి ముందు నోరు తెరిచి అన్నీ చెప్పమను. దాచిపెడితే సూది ఎక్కడ గుచ్చాలో వాడికేం తెలుస్తుంది?

ఆవిడ మొగుడికి కూడా పాపం ఎక్కడో జలుబు చేసే ఉంటుంది. రాత్రిళ్లు చెవులు మూసే టోపీ పెట్టుకోమని చెప్పు. బావకు నా నమస్కారాలు.

పెయ్‌లింగ్


హుజౌ,
ఏప్రిల్ 20

పెయ్‌లింగ్‌కు,

నీ ఉత్తరం ఆవిడకు చదివి వినిపించాను. చాలా నొచ్చుకుంది. ముక్కూ మొహం తెలియని మనిషి గురించి అన్ని మాటలా? జడ సంగతి నీకెందుకు? జుట్టు చిక్కు పడితే దువ్వాలా వద్దా?

మిల్లు వైద్యశాలకు వెళ్లమన్నావు. అక్కడ ఒకటే గది, ఆరు మంచాలు, పరదా అనేది లేదు. పడుకున్నవాళ్లకు కాలక్షేపం పక్కవాళ్ల రోగమే. "నీకెక్కడ గుచ్చాడు? ఓహో, అక్కడైతే అదే!" అని అక్కడే నిర్ధారణ అయిపోతుంది. అందుకని ఆవిడ గురువారం పడవెక్కి నాన్‌షున్ వెళ్లింది. అక్కడ ము అనే వైద్యుడున్నాడు. ఎనభై ఒక్క ఏళ్లు, రెండు కళ్లకూ శుక్లాలు. మనిషి మొహం ఆనదు. వేళ్లతో నాడి పట్టుకుంటే మాత్రం నిరుడు తిన్న చేప పేరు కూడా చెబుతాడని ప్రసిద్ధి. చూపు లేని వైద్యుడి కంటే సుఖం ఏముంది?

బల్ల దగ్గరి గుమాస్తా, "పరిచయ పత్రంలో పేరు ఖాళీగా ఉందేంటమ్మా? ఇది నింపకపోతే లోపలికి పంపను" అన్నాడట. మిల్లు ముద్ర ఉన్న పత్రాలు ఆవిడ సొరుగులోనే ఉంటాయి కనక ఒకటి తెచ్చుకుంది, పేరు మాత్రం రాయలేదు. వెనక వరుసలో జనం తోస్తున్నారు. ఏదో ఒక పేరు రాసేసి లోపలికి వెళ్లింది.

వైద్యుడు చెయ్యి చాపమన్నాడు. ఆవిడ నోరు తెరవలేదు. మన అమ్మ ఏమనేది? "రోగం మనమే చెబితే ఇక వైద్యుడెందుకు?" అనేది కదా. మంచి వైద్యుడో కాదో తేలాలంటే మణికట్టు పెట్టి ఊరుకోవాలి. నేనూ అలాగే అనుకుంటాను, ఆవిడా అలాగే అనుకుంది. ఆయన మూడు వేళ్లూ ఆనించి కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చున్నాడు. రెండో చెయ్యి కూడా చూశాడు.

"నెలసరి ఎన్నాళ్లయింది?"

"నాలుగు నెలలు."

"బాగు బాగు. పళ్లెంలో ముత్యాలు దొర్లినట్టుంది నాడి. శుభవార్తమ్మా! సంతోషం. కడుపు."

ఆవిడ కుర్చీలోంచి జారింది. "తాతగారూ, సరిగ్గా చూడండి" అంది.

"అరవై ఏళ్లుగా చూస్తున్నా. నాకు నేర్పకు. సూదుల కోసం వచ్చావా? కడుపుతో ఉన్నదానికి చీలమండ పైన, బొటనవేలి దగ్గర సూది వేస్తానా? నేను వైద్యుణ్ణా, హంతకుణ్ణా? పో, పోయి గుడ్లు తిను."

ఒక్క సూదీ పడకుండా పడవెక్కి వచ్చేసింది. పడవలో రెండు సెగలు వచ్చాయి. నలభై తొమ్మిదేళ్ల మనిషికి కడుపేమిటి పెయ్‌లింగ్? ఇది సాధ్యమా? వెంటనే రాయి. ఆవిడ అన్నం తినడం లేదు.

నీ అక్క


టియెన్‌షుయి,
ఏప్రిల్ 26

అక్కా,

చాలించు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నది చాలు. మొదటి ఉత్తరంలో ఆవిడ గురించి నువ్వు రాసిన మూడో వాక్యానికే నాకు తెలిసింది. ఇక రెండో ఉత్తరంలో "నాలుగు నెలలు" అన్నచోట ముందు "నేను" అని రాసి సిరాతో మూడుసార్లు కొట్టేశావు. కాగితం చిరిగింది.

నవ్వినందుకు క్షమించు. మధ్యాహ్నం సూదులు పెట్టించుకుని పడుకున్న ముసలమ్మలకు పేర్లు చెప్పకుండా వినిపించాను. ఒకావిడ నవ్వి నవ్వి మోకాలి సూది ఊడగొట్టుకుంది.

భయపడకు. ముత్యాలు దొర్లే నాడి కడుపుకే కాదు, ఒంట్లో కఫం ఉన్నా వస్తుంది, కడుపు నిండా తిని వెళ్లినా వస్తుంది. నువ్వు పడవలో ఏం తిన్నావు? జిగురన్నం ముద్దలేగా? నెలసరి లేదు, నాడి ఇలా ఉంది, నోరు తెరిచి వయసు చెప్పవు. కళ్లు కనబడని ముసలాయన ఇంకేమనుకుంటాడు? "నాకు నలభై తొమ్మిది, సెగలొస్తున్నాయి" అని ఒక్క మాట అంటే తేలిపోయేది. వైద్యుణ్ణి పరీక్షించబోయి నువ్వే తప్పావు. ఏ ఆస్పత్రికైనా వెళ్లి మూత్ర పరీక్ష చేయించుకో, రేపటికి తేలుతుంది.

నాకు వేరే భయం. నాన్‌షున్‌లో ఏ పేరు రాశావు? కడుపని తేలిన ప్రతి మనిషి గురించీ పనిచేసే చోటికి నోటీసు పంపాలని రూలు. అది నీకు తెలియదా, ఆ నోటీసులు తీసుకునే ఉద్యోగమే నీది కదా? ఏ పేరు, అక్కా?

పెయ్‌లింగ్


హుజౌ,
మే 3

పెయ్‌లింగ్,

లూ త్సాయ్‌ఫెంగ్ అని రాశాను.

పరీక్ష చేయించుకున్నాను. నాకు కడుపూ లేదు గిడుపూ లేదు. ఇప్పుడు దాని గురించి సంతోషించే ఓపిక కూడా లేదు.

త్సాయ్‌ఫెంగ్ మా తొట్ల షెడ్డులో పిల్ల. ఇరవై నాలుగేళ్లు, పెళ్లయి ఎనిమిది నెలలు. ఆ గురువారం పొద్దున్న పడవకు బయల్దేరే ముందు నల్ల పుస్తకం చూశాను. ఆ పిల్లకు ఐదు రోజులు ఆలస్యం. పేరు పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను. అదే మనసులో ఉండి, గుమాస్తా తొందర పెడితే చేతికి అదే పేరు వచ్చింది. ఇంకే పేరూ తోచలేదు చెల్లీ. మూడు వందల పన్నెండు పేర్లు కంఠస్థం వచ్చిన దాన్ని.

నోటీసు నిన్న వచ్చింది. నా బల్ల మీదకే. "మీ మిల్లు కార్మికురాలు లూ త్సాయ్‌ఫెంగ్ గర్భవతి, తగు చర్య తీసుకోగలరు." చింపేద్దును, కానీ రెండో ప్రతి ఉప డైరెక్టరు గెంగ్‌కు వెళ్లింది. పది నిమిషాల్లో ఆయన మా గదిలో ఉన్నాడు.

"ఈ పిల్ల వరుస ఎప్పుడు?"

"ఎనభై ఏడులో."

"ఎనభై ఏడు! రెండేళ్లు ముందుకు దూకిందా? నిరుడు ఒక్క కాన్పు ఎక్కువై ఎర్రజెండా బహుమతి పక్క మిల్లుకు పోయింది. ఈ నెలాఖరు మీటింగు లోపు ఆ పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్లి పని ముగించుకు రా. నీకు చెప్పేదేముంది కామ్రేడ్, నీ దగ్గర ఒక్క పేరు కూడా జారదు."

ఆయన నన్ను పొగడటం ఆ రోజే మొదటిసారి.

పొరపాటు అని మెల్లగా చెప్పి పంపేద్దామని త్సాయ్‌ఫెంగ్‌ను పిలిచాను. తలుపు వేసి, "చూడమ్మా, నీ పేరు మీద ఒక కాగితం వచ్చింది" అన్నాను, అంతే. ఆ పిల్ల కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"పిన్నీ, నీకెలా తెలిసింది? మా ఆయనక్కూడా చెప్పలేదు! మొన్ననే నాకే ఖాయమైంది. ఎవరో చెప్పేశారా? నా మొహం చూసి కనిపెట్టావా?"

నేను గాల్లో వేసిన రాయి సరిగ్గా వెళ్లి ఆ పిల్లకే తగిలింది.

"పిన్నీ, ఏం చేస్తారు నన్ను?" అంది.

ఇదే మాట చాలామంది అడిగారు ఈ పదకొండేళ్లలో. నా దగ్గర తయారుగా జవాబుండేది. ఈసారి నీళ్లు తాగించి, ఎవరితోనూ అనవద్దని చెప్పి పంపేశాను. కుడితిలో పడ్డ ఎలుకలా ఉన్నాను. నోటీసు తప్పని చెప్పాలంటే ఆ నాడి నాదని నలుగురిలో ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్లాలి. నాకేం చెయ్యాలో తోచడం లేదు. నువ్వు చెప్పు. నేను నిన్ను ఇలా అడగడం ఇదే మొదటిసారి, నాకు తెలుసు.

అక్క


టియెన్‌షుయి,
మే 9

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. ఇది ఐదోది.

నీకు ఒక విషయం చెప్పాలి. తొమ్మిదేళ్ల కిందట, నాకు పెళ్లయిన ఏడాదికి, నీకొక ఉత్తరం రాశాను. మా ఆస్పత్రిలో ఒక స్నేహితురాలికి వరుస రాకముందే కడుపు నిలిచింది, ఎలాగైనా బిడ్డను ఉంచుకోవాలని ఉంది, ఏం చెయ్యమంటావు అని. నువ్వు వారం తిరక్కుండా నాలుగు పేజీల జవాబు రాశావు. చక్కటి చేతిరాత. "ఒకరు వరుస దాటితే అందరూ దాటుతారు. ఈసారికి వదులుకోమను. వయసుంది, మళ్లీ వస్తుంది" అన్నావు.

ఆ స్నేహితురాలు నీ మాట విన్నది. మళ్లీ రాలేదు.

మనిద్దరికీ ఒకటే రోగం అక్కా. అమ్మ కూడా తన కడుపునొప్పికి మందు పక్కింటావిడ పేరు చెప్పి అడిగేది. నీ స్నేహితురాలెవరో నేను మూడో వాక్యానికి కనిపెట్టాను. నా స్నేహితురాలెవరో నువ్వు నాలుగు పేజీలు రాసి కూడా కనిపెట్టలేదు. కోపం లేదంటే అబద్ధం. మూడేళ్లు ఉంది. ఆ మూడేళ్లూ నీకు ఎండు ఆపిల్ ముక్కలు పంపలేదు, గమనించావో లేదో. తర్వాత కోపం దానంతటదే అరిగిపోయింది. దుఃఖం అరగలేదు.

ఇది నిన్ను ఏడిపించాలని రాయలేదు. నువ్వు అడిగావు గనక రాశాను. ఏం చెయ్యాలో నేను చెప్పను. ఆ పిల్ల నిన్ను పిన్నీ అని పిలుస్తోంది. ఈ ఉత్తరం చేరేసరికి నీకు పది రోజుల గడువుంటుంది.

పెయ్‌లింగ్


హుజౌ,
జూన్ 2

చెల్లీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు ఆఫీసుకు వెళ్లలేదు. మీ బావ కుంచెల ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి వంటింట్లో నేల మీద కూర్చుని ఉన్నాను. ఆయనకు అంతా చెప్పాను. సెగల సంగతి, నాన్‌షున్, త్సాయ్‌ఫెంగ్, నువ్వు.

"మిగతావి తెలియదు గానీ, సెగల సంగతి తెలుసు" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"ముప్పై ఏళ్లుగా మేక వెంట్రుకలు ఏరుతున్నా. వేళ్లతో తడిమి ఏది మంచిదో ఏది చచ్చుదో చెబుతా. పక్కన పడుకున్న పెళ్లాం నిద్రపోవట్లేదని తెలీదా?"

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్పలేదుగా. చెబితే నా మీద పడతావని భయం."

నీ సంగతి వచ్చేసరికి లేచి వెళ్లాడు. నీకు పంపమని ఒక కుంచె తెచ్చి బల్ల మీద పెట్టాడు. తన చేత్తో కట్టింది. ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను.

శనివారం క్యాంటీనులో మీటింగు. నాలుగు వందల మంది, వేయించిన పట్టుపురుగుల వాసన, పొగ. గెంగ్ లేచి, "కుటుంబ నియంత్రణ గురించి ఒక అప్రియమైన విషయం" అని గొంతు సవరించుకున్నాడు. మూడో వరుసలో త్సాయ్‌ఫెంగ్ మొహం పాలిపోయి సుద్దలా ఉంది. నేను లేచి నిలబడ్డాను.

"ఆ నోటీసు తప్పు కామ్రేడ్. ఆ నాడి లూ త్సాయ్‌ఫెంగ్‌ది కాదు. నాది."

గెంగ్‌కు అర్థం కాలేదు. "నీదంటే? నీకు కడుపా? ఈ వయసులోనా?"

క్యాంటీను పగలబడి నవ్వింది. అంతే చెల్లీ, సరిగ్గా అప్పుడే వచ్చింది సెగ. ఛాతీ, మెడ, చెవులు, నెత్తి. ఏ సెగనూ నేను అంత ప్రేమగా ఆహ్వానించలేదు. మొహం ఎర్రటి మిరపకాయైంది, చెమట గడ్డం మీద నుంచి కారుతోంది.

"కడుపు కాదు. ముట్లుడుగుతున్నాయి. నాకు నలభై తొమ్మిది. సిగ్గుపడి దొంగతనంగా నాన్‌షున్ వెళ్లి, వేరే పేరు రాసి, నోరు మూసుకుని చెయ్యి చాపాను. ముసలాయన కడుపన్నాడు. కావాలంటే ఇదుగో పరీక్ష కాగితం. ఇంకా నమ్మకపోతే ఇటొచ్చి నా నుదురు ముట్టుకుని చూడండి!"

ఎవరూ రాలేదు. అప్పుడు ప్యాకింగు విభాగంలోని యావ్ పిన్ని, నా ఈడుదే, ఆ చివర్నుంచి అరిచింది: "ముట్టుకోవడం ఎందుకే, ఇక్కడికే తగుల్తోంది! నాకు నిరుటి నుంచీ ఇదే. కోటు లోపల ఐసు ముక్కలు పెట్టుకు తిరుగుతున్నా!"

"నీకూనా?" అని ఇంకొకావిడ.

"నేనేమో గుండెజబ్బనుకుని మా ఆయనకు వీలునామా చెప్పేశా!" అని మరొకావిడ.

ఇక చెప్పేదేముంది? మగవాళ్లంతా గిన్నెల్లోకి చూస్తూ కూర్చున్నారు. గెంగ్ మొహం నాకంటే ఎర్రగా అయింది. "నోటీసు రద్దు, నోటీసు రద్దు" అని రెండుసార్లు అని మీటింగు ముగించేశాడు. దొంగపేరు రాసినందుకు నాకు హెచ్చరిక కాగితం ఇచ్చారు. పదకొండేళ్లలో మొదటిది. దాచుకున్నాను.

త్సాయ్‌ఫెంగ్ కడుపు అలాగే ఉంది. నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు చెల్లీ. అడగనిదానికి జవాబు చెప్పలేదు, అంతే.

అయినా డిసెంబరుకు బిడ్డ వస్తే దాచలేం కదా. ఆదివారం వరుస పట్టిక ముందేసుకుని కూర్చున్నాను. ఈ ఏటి వరుసలో జ్యాంగ్ అనే నేతపిల్ల ఉంది. మొగుడు ఓడలో ఉద్యోగం, రెండేళ్ల దాకా రాడు. ఇంటికెళ్లి అడిగాను. "పిన్నీ, మొగుడు లేకుండా ఈ ఏడు వరుస నేనేం చేసుకోను? ఆ ఎనభై ఏడు నాకిప్పించు, నీకు పుణ్యముంటుంది" అంది. ఇద్దరి వరుసలూ మార్చి కాగితం రాశాను. ఇదివరకు ఇలాంటిది ఎవరైనా తెస్తే నేనే తిప్పి పంపేదాన్ని.

సోమవారం దాన్ని పట్టుకుని గెంగ్ గదికి వెళ్లాను. "కామ్రేడ్, ఆడవాళ్ల విషయం ఒకటి..." అన్నానో లేదో, ఆయన కుర్చీ వెనక్కి జరిపి, "ఎక్కడ? ఎక్కడ సంతకం?" అన్నాడు. చదవలేదు. ముద్ర కూడా ఆయనే గుద్దాడు. ఇప్పుడు నేను నోరు తెరిస్తే చాలు, సంతకం పెట్టేస్తాడు.

త్సాయ్‌ఫెంగ్‌కు కాగితం ఇచ్చాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మడతపెట్టి లోపలి జేబులో పెట్టుకుని, "పిన్నీ, ఇక మా ఆయనకు చెప్పనా?" అంది. పరుగెత్తకుండా వెళ్లి చెప్పమన్నాను.

మంగళవారం నుంచి మిల్లు వైద్యశాలకే వెళ్తున్నాను. ఆరు మంచాల మీదా మేమే. సూది దించి, "వచ్చిందా?" అని వైద్యుడు అడుగుతాడు. సూది చుట్టూ కండ లాగినట్టు, బరువెక్కినట్టు అనిపిస్తే వచ్చిందని ఒప్పుకోవాలి. యావ్ పిన్ని ప్రతి సూదికీ నలుగురికీ వినబడేలా "అయ్యో నాయనోయ్, వచ్చింది!" అంటుంది. మూడుసార్లయింది. సెగలు తగ్గాయో లేదో ఇంకా తెలియదు. నిన్న మంచం మీదే నిద్రపోయి గురక పెట్టానట.

ఇప్పుడు అసలు సంగతి. నీ స్నేహితురాలికి తొమ్మిదేళ్ల కిందట తప్పు జవాబు రాశాను. ఈ కింది నాలుగు ముక్కలూ ఆమెకు చూపించు.

అమ్మా, నువ్వెవరో తెలియక నాలుగు పేజీలు రాశాను. ఎవరైనా సరే అలా రాయకూడదు. నాకు అది ఇన్నాళ్లకు తెలిసింది. నీకు రాయవలసింది ఒక్క వాక్యం: ఉండు, నేను బయల్దేరి వస్తున్నాను. అప్పుడు రాలేదు. క్షమించమని అడిగే మొహం లేదు, అయినా అడుగుతున్నాను. ఒక్కసారి నిన్ను చూడాలని ఉంది.

పెయ్‌హువా


టియెన్‌షుయి,
జూన్ 10

అక్కా,

కుంచె అందింది. ఉత్తరం నా స్నేహితురాలికి చూపించాను. నిలబడే చదివింది, తర్వాత కూర్చుని ఇంకోసారి చదివింది. చాలా ఏడ్చింది. సాయంత్రానికి ముక్కు చీది, ఆస్పత్రికి వెళ్లి ఇరవై రోజుల సెలవు రాసి పడేసింది.

తన సూదుల పెట్టె తనే తెచ్చుకుంటుందట. మీ మిల్లు వైద్యుడు సూది లోతుగా దించడం లేదని ఆమె అనుమానం. ఇరవై మూడో తారీఖు మధ్యాహ్నం హాంగ్జౌ స్టేషనులో దిగుతుంది. అక్కడి నుంచి బస్సులో తనే వచ్చేస్తుందట. అంత దూరం ఎవరూ ఎదురు రానక్కర్లేదని నీకు మరీ మరీ రాయమంది.

ఆమె మాట నమ్మకు. రా.

పెయ్‌లింగ్